గడ్డి మీద దిగే విమానం మన చేలకు పనికొస్తుందా?

(సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కాలిఫోర్నియాలో వరి రైతులు విమానంతో విత్తనం చల్లే వీడియో మన ఫోన్లలో తిరుగుతోంది. మీలో చాలామంది చూసే ఉంటారు. అది చూసిన మన కుర్రాళ్ళు కొందరు ఒక ప్రశ్న వేశారు: "ఇలాంటి పాత విమానం సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొంటే నాలుగు మండలాలకు సరిపోదా? గడ్డి మీద కూడా దిగుతుందంట కదా, ఎయిర్‌పోర్టుతో పనిలేదంట కదా?" ఆ మాటకు కొందరు నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు.

ఎందుకంటే ఆ ప్రశ్న వెనకాల మన కష్టం ఉంది. సార్వాలో దోమ పడిందంటే రెండు మూడు రోజుల్లో మందు కొట్టకపోతే చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఆ రెండు రోజుల్లోనే ఊరందరికీ పంపు వేసుకునే మనిషి కావాలి. దొరకడు. దొరికినవాడు ముక్కుకు తువ్వాలు కట్టుకుని, మోకాలి లోతు బురదలో, ఆ విషం పీల్చుకుంటూ నడుస్తాడు. దీనికి దారేమిటని అడగడం తప్పు కాదు. అందుకని ఈ విమానం సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పుకుందాం. చెప్పుకుంటే విమానం గురించే కాదు, మన ఊళ్ళోకి ఇప్పటికే వచ్చేసిన డ్రోన్ గురించి కూడా కొంత తెలుస్తుంది.

చిన్న విమానం పెద్ద కథ

పంట మీద విమానంతో మందు చల్లడం మొదట 1921 ఆగస్టు 3న జరిగింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో యుద్ధకాలపు పాత విమానం ఒకటి తీసుకుని, చెట్ల మీద గొంగళిపురుగులకు సీసం ఆర్సెనేట్ పొడి చల్లారు. తర్వాత నాలుగేళ్ళకే జార్జియా రాష్ట్రంలో పత్తి మీద ముక్కు పురుగుకు మందు చల్లే కంపెనీ మొదలైంది. ఆ కంపెనీయే తర్వాత ప్రయాణికులను ఎక్కించుకుని డెల్టా ఎయిర్‌లైన్స్ అయింది. ఇవాళ ప్రపంచంలోని పెద్ద విమాన కంపెనీల్లో ఒకటైన దాని పేరులో ఉన్న డెల్టా, మిసిసిపీ డెల్టా. మనలాంటి పొలాల డెల్టాయే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పని కోసమే విమానాలు తయారుచేయడం మొదలుపెట్టారు. అమెరికాలో పైపర్ పానీ అనే ఒంటి సీటు విమానం వచ్చింది. ముందు భాగంలో మందు తొట్టి, దాని వెనకాల ఎత్తుగా పైలట్ సీటు, రెక్కల కింద నాజిళ్ళ గొట్టం. తొట్టిలో సుమారు 568 లీటర్లు పడుతుంది. రష్యాలో 1947లో ఆంటొనోవ్ ఏఎన్-2 ఎగిరింది. రెండు జతల రెక్కలు, వెయ్యి గుర్రాల ఇంజను. పెద్దదే అయినా పచ్చిక బీడులో కొద్ది దూరం పరిగెత్తి లేచిపోతుంది. న్యూజిలాండ్‌లో గొర్రెలు పెంచే రైతులు 1949 నుంచి తమ కొండల మీదే గడ్డిని చదును చేసి, అక్కడ విమానం దింపి, సూపర్ ఫాస్ఫేట్ నింపి పచ్చిక బయళ్ళ మీద చల్లించుకున్నారు.

వీటన్నిటికీ ఒకటే సూత్రం. రెక్క మందంగా, వెడల్పుగా ఉంటుంది, అందుకని తక్కువ వేగంలోనే గాలిలోకి లేస్తుంది. చక్రాలు పెద్దవి, కాళ్ళు బలమైనవి, అందుకని ఎగుడుదిగుడు నేలను తట్టుకుంటుంది. మూడు నాలుగు వందల మీటర్ల గట్టి గడ్డినేల ఉంటే దానికి చాలు. పోలిక కోసం చెబుతున్నా. మన మధురపూడి విమానాశ్రయంలో రన్‌వేను 1750 మీటర్ల నుంచి 3165 మీటర్లకు పెంచారు. దానికోసం రైతుల దగ్గర వందల ఎకరాలు తీసుకున్నారు. ఈ చిన్న విమానానికి 400 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు చాలనుకుంటే మూడెకరాల లోపే. కుర్రాళ్ళకు ఆశ పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

మనవాళ్ళూ ఒకటి చేశారు

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, మన దేశమే ఇలాంటి విమానాన్ని తయారుచేసింది. దాని పేరు బసంత్. బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ళు చేశారు. మొదటి నమూనా సంతృప్తిగా లేకపోతే మళ్ళీ గీసి, 1972 మార్చి 30న కొత్త నమూనా ఎగరేశారు. 400 గుర్రాల ఇంజను, ఒంటి సీటు. విత్తనాలు, ఎరువులు, మందులు చల్లడానికి పనికొచ్చేలా చేశారు. హరిత విప్లవం ఊపులో ఉన్న రోజులవి. మన దేశ రైతు చేలకు మన దేశంలో చేసిన విమానం అన్నమాట.

ఎన్ని చేశారో తెలుసా? 39. 1980లో తయారీ ఆపేశారు.

ఇంజనీర్లకు చేతగాక ఆగిందని నేను అనుకోను. ఎగిరే యంత్రం చేశారు, ఎగిరింది. కానీ దాని కింద పరుచుకున్న పొలాలు దానికి సరిపోయేవి కావు. ఆ సంగతి మన మడుల లెక్కతో చెబుతా.

మడి దాటేది ఒకటిన్నర సెకనులో

ఇలాంటి విమానం మందు కొట్టేటప్పుడు గంటకు 150 కిలోమీటర్ల వేగంతో, నేలకు కొద్ది మీటర్ల ఎత్తులో వెళుతుంది. అంటే సెకనుకు 41 మీటర్లకు పైగా. ఎకరం చదరంగా ఉంటే ఒక వైపు 64 మీటర్లు. ఆ మడిని విమానం దాటేది ఒకటిన్నర సెకనులో. అర ఎకరం మడి అయితే సెకను కొద్దిగా పైన. ఆ సెకనులో పైలట్ మందు వదలాలి, ఆపాలి, ఎదురుగా ఉన్న తాటిచెట్టుకూ కరెంటు తీగకూ తగలకుండా లేవాలి.

ఎకరానికి 8 లీటర్ల ద్రావణం చొప్పున కొడితే ఒక తొట్టి 70 ఎకరాలకు వస్తుంది. మన దగ్గర 70 ఎకరాలు ఒక్క మనిషి చేతిలో ఎక్కడున్నాయి? 2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం మన రాష్ట్రంలో సగటు కమతం ఒక హెక్టారు కూడా లేదు. డెల్టాలో 70 ఎకరాలంటే నలభై యాభై మంది రైతులు. అందులో సగానికి పైగా కౌలుకు చేసేవాళ్ళు. ఒకరు స్వర్ణ వేశారు, ఒకరు 1121 వేశారు. ఒకరిది పొట్ట దశలో ఉంది, పక్కవాడిది ఇంకా పిలక దశ. ఒకరికి దోమ పడింది, మరొకరికి ఆకుచుట్టు. అందరికీ ఒకే రోజు, ఒకే మందు, ఒకే మోతాదు ఎలా కుదురుతుంది?

కాలిఫోర్నియాలో వందల ఎకరాలు ఒకే రైతువి. లేజరుతో చదును చేసి, నీళ్ళు పెట్టి, నానబెట్టిన విత్తనం పైనుంచి వదులుతారు. వాళ్ళ చేనుకు ఆ విమానం సరిగ్గా అమరింది. మన చేనుకు వెద పద్ధతీ డ్రమ్ సీడరూ అమరాయి. అవి మనం నేర్చుకున్నవే, మన నేల మీద నిలిచినవే.

బురద రోజుల్లో దిగేదెక్కడ?

ఇక గడ్డి రన్‌వే సంగతి. మూడెకరాలు ఎవరో ఒకరు ఇచ్చారే అనుకుందాం. మందు కొట్టాల్సిన కాలం ఏది? ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. ఆ రోజుల్లో మన ఒండ్రు నేల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ట్రాక్టరే కేజ్‌వీల్స్ లేకపోతే దిగబడిపోతుంది. తొట్టి నిండా మందు పోసిన విమానం చక్రాలు ఏమవుతాయి? నేల గట్టిపడేది దాళ్వా కోతలయ్యాక. అప్పటికి విమానంతో పనే ఉండదు. మెరక చేసి, మట్టి తోలి, చుట్టూ మురుగు తీసి రన్‌వే కట్టాలంటే అది గడ్డి రన్‌వే ఖర్చు కాదు, రోడ్డు ఖర్చు.

సెకండ్‌హ్యాండ్ అంటే ఏమిటో మనకు తెలుసు

పాత యంత్రం కొనడం మనకు కొత్త కాదు. పాత వరికోత మిషన్ కొనేటప్పుడు మనవాళ్ళు ఏం చూస్తారు? అవర్ మీటరు, ఇంజను పొగ, చైను, సామాను ఎక్కడ దొరుకుతుంది, మెకానిక్కు ఎంత దూరం. విమానానికీ అవే ప్రశ్నలు. కాకపోతే జవాబు తప్పితే రోడ్డు పక్కన ఆపుకోవడానికి లేదు.

ఇంజను ఎన్ని గంటలు తిరిగిందన్నది మొదటి ప్రశ్న. ఈ రకం ఇంజన్లను సుమారు 2000 గంటలకు పూర్తిగా విప్పి కట్టాలి. ఆ గడువు దగ్గరపడినప్పుడే అమ్మేవాడు అమ్ముతాడు. రెండోది తుప్పు. మందులూ ఎరువులూ మోసిన విమానంలో ఉక్కు గొట్టాల చట్రం, రెక్క లోపలి దూలం లోలోపల తినేసి ఉంటాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. మన ఉప్పుగాలికి ఆ తుప్పు ఇంకా తొందరపడుతుంది. మూడోది పెట్రోలు. ఈ ఇంజన్లకు ఏవ్‌గ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలు కావాలి, అది మన బంకుల్లో దొరకదు. నాలుగోది కాగితాలు. దిగుమతికీ, ఎగరడానికీ, ఏటా తనిఖీకీ డీజీసీఏ అనుమతులు కావాలి. లైసెన్సు ఉన్న పైలట్, లైసెన్సు ఉన్న ఇంజనీరు, ఇద్దరికీ ఏడాది పొడుగునా జీతం ఇవ్వాలి. పని ఉండేది మాత్రం ఏడాదికి నలభై రోజులు. ఆ ఖర్చంతా చివరకు ఎకరం మీదే పడుతుంది. కొన్న ధర ఎంత చవకైనా సరే.

పక్క గట్టు ఎవరిది?

ఇంతవరకు చెప్పింది డబ్బు లెక్క. డబ్బున్నవాడెవరో వచ్చి "అవన్నీ నేను చూసుకుంటా" అన్నాడనుకోండి. అప్పుడు కూడా వద్దనడానికి అసలు కారణం ఒకటుంది.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వెళ్ళి చూడండి. వరి మడి పక్కనే రొయ్యల చెరువు, చేపల చెరువు. కోనసీమలో వరి చేను గట్టు మీదే కొబ్బరి, ఆ కొబ్బరి తోటలోనే ఇల్లు. వరికి కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి మందులు రొయ్యకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. రొయ్య కూడా పురుగు జాతికి దూరపు చుట్టమే కదా. అన్నిటికంటే ముఖ్యం, మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది పంటకాలువ నీళ్ళతోనే. పైనుంచి పడిన చుక్కకు ఇది చేను, ఇది బోదె, ఇది మంచినీళ్ళ చెరువు అని తెలియదు. గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. కేరళలో కాసరగోడ్ జిల్లా సంగతి అందరికీ తెలియాలి. అక్కడ ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడిమామిడి తోటల మీద రెండు దశాబ్దాలకు పైగా హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ చల్లింది. తోటల నడుమనే ఊళ్ళు, బావులు, వాగులు. పుట్టుకతో వైకల్యాలు, నరాల జబ్బులతో తరాలు నలిగిపోయాయని అక్కడి తల్లులు ఏళ్ళ తరబడి పోరాడారు. 2011 మేలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వాడకం దేశమంతటా ఆపించింది. 2017 జనవరిలో బాధితులకు 5 లక్షల చొప్పున ఇవ్వమని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఐరోపా దేశాలు విమానంతో మందు చల్లడాన్ని 2009 నాటి చట్టంతోనే సాధారణంగా నిషేధించి, ప్రత్యేక సందర్భాల్లో తప్ప అనుమతించడం లేదు.

మరో సంగతి మన శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నదే. సుడిదోమ ఉండేది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన. మందు అక్కడ పడాలి. అందుకే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమంటారు. నీళ్ళు తీసేసి, దుబ్బు మొదలు తడిసేలా కొట్టమంటారు. పైనుంచి ఎనిమిది లీటర్లు పొగమంచులా చల్లితే ఆకులు తడుస్తాయి, దోమ కింద హాయిగా కూర్చుంటుంది. డబ్బు పోయి, దోమను తినే సాలీళ్ళూ మిరిడ్ నల్లులూ చచ్చి, దోమ రెట్టింపవుతుంది.

ఇప్పుడు డ్రోన్ సంగతి

"సరే, విమానం వద్దు, డ్రోన్ ఉందిగా" అంటారు. ఉంది. పది లీటర్ల తొట్టి, బ్యాటరీ, ఎకరం పది నిమిషాల లోపే. రన్‌వే అక్కర్లేదు, గట్టు మీదనుంచే లేస్తుంది. బసంత్ ఎక్కడ ఆగిపోయిందో అక్కడ డ్రోన్ దూరుతుంది. పంపు మోసే కూలీ ఊపిరితిత్తులకు అది నిజంగా మేలు చేస్తుంది. ఆ మేలును మనం కాదనకూడదు. 2023 నవంబరులో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం తెచ్చింది. మహిళా సంఘాలకు ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సబ్సిడీ. ఆడవాళ్ళ చేతికి యంత్రం రావడం మంచిదే.

కానీ విమానానికి వేసిన ప్రశ్నలు డ్రోన్‌కూ వేయాలి. యంత్రం ఎవరిది? అద్దె ఎవరు నిర్ణయిస్తారు? మందు పక్కకు పోతే జవాబుదారీ ఎవరు? ఎకరం ఎకరానికీ వేరుగా కొట్టగలిగినా, గాలి మాత్రం అదే గాలి, చెరువు అదే చెరువు.

ఇక్కడ మన చేతిలో ఒక ఆయుధం ఉంది, దాన్ని వాడడం లేదు. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో గాలిలోంచి మందు చల్లడానికి ప్రత్యేక నిబంధన ఉంది. కనీసం 24 గంటల ముందు ప్రజలకు తెలియజేయాలి. చల్లే ప్రాంతానికి హద్దులు గుర్తించాలి. అనుమతించిన మందునే, నిర్ణయించిన ఎత్తునుంచే కొట్టాలి. సంబంధం లేని మనుషులూ పశువులూ ఆ చోటికి రాకుండా చూడాలి. కడుక్కోవడానికీ ప్రథమ చికిత్సకూ ఏర్పాటు ఉండాలి. నడిపేవాడికి ఆ విషం గురించి శిక్షణ ఉండాలి. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన డ్రోన్ మార్గదర్శకాల్లోనూ ముందస్తు సమాచారం ఇవ్వాలని ఉంది. మీ ఊళ్ళో డ్రోన్ ఎగిరిన రోజు ముందు సాయంత్రం ఎవరైనా మైకులో చెప్పారా? చెప్పినచోట చెయ్యెత్తండి.

(సభలో ఒక్క చెయ్యీ లేవలేదు.)

చూశారా. అందుకే ఈ తరగతి నుంచి కొన్ని కోర్కెలు మండలానికి తీసుకెళ్ళాలని ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి, డ్రోన్ ఎగరడానికి 24 గంటల ముందు పంచాయతీ మైకులో చెప్పాలి. వాట్సాప్ మెసేజ్ చాలదు. పక్క చెరువు లీజుదారుకూ, పక్క మడి కౌలుదారుకూ విడిగా చెప్పాలి.

రెండు, ప్రతి మడికీ ఒక చీటీ ఇవ్వాలి. ఏ మందు, ఎంత మోతాదు, ఏ టైముకు, గాలి ఎటు, ఎవరు నడిపారు. సంతకంతో. రేపు రొయ్య చచ్చినా చేను మాడినా చేతిలో ఆధారం ఉంటుంది. ఇవాళ ఆ చీటీ లేకనే ఆక్వా రైతూ వరి రైతూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఇద్దరూ రైతులే.

మూడు, యంత్రం సొసైటీ చేతిలోనో మహిళా సంఘం చేతిలోనో ఉండాలి. అద్దె గ్రామసభలో తేలాలి. కౌలుదారుకు భూ యజమాని సంతకం ఉన్నా లేకపోయినా, కార్డు ఉన్నా లేకపోయినా అదే అద్దె.

నాలుగు, చెరువులకూ మంచినీళ్ళ చెరువులకూ ఎంత దూరంలో ఆపాలో వ్యవసాయ శాఖా మత్స్య శాఖా కలిసి కూర్చుని రాతపూర్వకంగా చెప్పాలి. దోమకు డ్రోన్ మందు దుబ్బు మొదట్లోకి ఎంత చేరుతోందో మారుటేరు పరిశోధనా స్థానం మన చేలల్లో, మన ముందు చూపించాలి.

ఐదు, ఇన్నాళ్ళూ పంపు మోసి ఆరోగ్యం పాడుచేసుకున్న కూలీలకు డ్రోన్ పనిలో మొదటి అవకాశం ఇవ్వాలి. శిక్షణ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. యంత్రం వచ్చి వాళ్ళ కూడు లాక్కోకూడదు.

ఇక కుర్రాళ్ళ ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాను. తమ్ముళ్ళూ, ఆ పాత విమానం మంచి యంత్రమే. కొండల మీద పచ్చికకు, వందల ఎకరాల చదును చేలకు చేసిన యంత్రం. మన డెల్టాకు అది వద్దు. మీరు అడిగిన ప్రశ్న మాత్రం ఆపొద్దు. కొత్త యంత్రం ఏది వచ్చినా మీరే ముందుండి గంటలు లెక్కపెట్టండి, గాలి చూడండి, చీటీ అడగండి. వచ్చే సార్వా నారుమళ్ళ నాటికి ప్రతి గ్రామ కమిటీలో ఈ ఐదు కోర్కెల మీద తీర్మానం జరగాలి. తీర్మానం నకలు తహసీల్దారు కార్యాలయంలోనూ వ్యవసాయ కార్యాలయంలోనూ ఇచ్చి, ముద్ర వేయించుకుని సంఘానికి పంపండి.

సెలవు.